కౌలు చేలో గేమింగ్ ఛానల్

ఆట కంపెనీది, వేదిక యూట్యూబ్‌ది, ఉంచాలో తీసేయాలో చెప్పేది ప్రభుత్వం. మధ్యలో రాత్రంతా మేలుకుని వీడియోలు చేసే కుర్రాడిది ఏమిటి?

2020 సెప్టెంబరు 2న కేంద్ర ఐటీ శాఖ 118 యాప్‌లను నిషేధించింది. ఆ జాబితాలో పబ్జీ మొబైల్ ఉంది. బడులూ కాలేజీలూ మూతబడి, డేటా చవగ్గా దొరుకుతూ, ఊరూరా కుర్రాళ్లు పబ్జీ ఆడి, ఆడిందల్లా రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్న రోజులవి. అక్టోబరు 30తో సర్వర్లు కూడా ఆగిపోయాయి. చాలామంది ఫ్రీ ఫైర్‌కి మళ్లారు. 2022 ఫిబ్రవరి 14న ఇంకో 54 యాప్‌ల మీద వేటు పడితే అందులో అదీ ఉంది. మ్యాక్స్ అనే దాని అన్నగారు మాత్రం ఎలాగో మిగిలాడు. ఈలోగా 2021 జూలై 2న పబ్జీయే బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. హమ్మయ్య అనుకుని అటు తిరిగినవాళ్లకి ఏడాది దాటి నెల నిండకముందే, 2022 జూలై 28న, అది స్టోర్లలోంచి మాయమైంది. 2023 మే నెలలో మళ్లీ ప్రత్యక్షమైంది, మూడు నెలలు చూసి అప్పుడు చెబుతామన్న షరతు మీద.

ఇలా వస్తూ పోతూ ఉండే సరుకు మీద దుకాణం పెట్టినవాడు ఏం చేయాలి? కారంచేడులో ఉన్న మా మేనల్లుడిని ఈ మధ్య నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే.

మేడ మీద గది

కారంచేడు చీరాల నుంచి పర్చూరు పోయే దారిలో ఉంటుంది. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. మావాడు డిగ్రీ అయ్యాక చీరాల్లో ఒక షాపులో లెక్కలు రాస్తున్నాడు. రాత్రిపూట ఛానల్. స్టూడియో అంటే మేడ మీద గది. గొంతు గింగురుమనకుండా గోడలకి మేకులు కొట్టి పాత దుప్పట్లు వేలాడదీశాడు. ఒక కాలరు మైకు, ఒక రింగ్ లైటు, ఫోను వెనకాల బుల్లి టేబుల్ ఫ్యాను. ఫ్యాను వాడికి కాదు, ఫోనుకి. రికార్డింగ్ రాత్రి పదకొండు దాటాకే. అంతకు ముందైతే కింద టీవీ సీరియలు, పక్కింటి నీళ్ల మోటారు, గుడి మైకు అన్నీ వీడియోలోకి వచ్చేస్తాయట.

"ఛానల్ డైరెక్షన్ మారుద్దామనుకుంటన్నా మావయ్యా," అన్నాడు.

"ఎటురా?"

"అదే తెలవట్లా."

యూట్యూబ్ స్టూడియో తెరిచి ఒక గీత చూపించాడు. వీడియోని జనం ఎక్కడిదాకా చూశారో చెప్పే గీత అది. మొదటి అర నిమిషంలోనే సగం మంది దిగిపోయారు. అది అందరికీ ఉండేదేనట. అక్కడినుంచి గీత నిదానంగా కిందికి జారుతూ, ఒకచోట మాత్రం కాస్త పైకి లేచింది. చూసేవాళ్లు వెనక్కి జరుపుకుని రెండోసారి చూసిన చోటది. ఏముందా అని అక్కడ పెట్టి చూశాం. గొప్ప హెడ్‌షాట్ ఏమీ లేదు. ఫోను కాలిపోయి ఆట నత్తనడక నడుస్తోంది. మావాడు విసుక్కుంటూనే, ఈ ధర ఫోన్లు అరగంట ఆడితే ఎందుకు చేతులెత్తేస్తాయో, సెట్టింగుల్లో ఏది తగ్గిస్తే తెరిపిన పడతాయో, ఏది తగ్గించినా దండగో చెబుతున్నాడు. నిమిషం పైచిలుకు అదే గోల.

"అది బోర్ కొట్టే ముక్క. కోసేద్దామనుకున్నా, టైము లేక వదిలేశా," అన్నాడు.

నాకైతే వాడి ఛానల్ మొత్తంలో వాడు అచ్చంగా వాడిలా మాట్లాడింది ఆ ముక్కలోనే అనిపించింది. మిగతాదంతా హిందీ స్ట్రీమర్ల నుంచి అరువు తెచ్చుకున్న అరుపులు.

కామందు ఎవరు?

ఈ పక్క ఊళ్లలో కౌలు సేద్యం అంటే పసిపిల్లాడికీ తెలుసు. చేను వేరేవాళ్లది. ముందే మక్తా మాట్లాడుకోవాలి. ఎరువులు తోలి, గట్లు సరిచేసి, నేలని దారికి తెచ్చుకున్నాక, వచ్చే ఏడు మేమే చేసుకుంటాం అని కామందు అంటే చేసేదేం లేదు. గేమింగ్ ఛానల్ పని అచ్చం ఇంతే. చిక్కేమిటంటే ఇక్కడ కామందులు ముగ్గురు.

మొదటి కామందు ఆట తయారుచేసిన కంపెనీ. ఆటలోని బొమ్మ, సంగీతం, కథ, తుపాకీ చప్పుడుతో సహా దాని సొత్తే. వీడియోలు పెట్టుకోనివ్వడం దాని దయ. మైన్‌క్రాఫ్ట్ వాళ్లలాంటి కొందరు పెట్టుకోండి, సంపాదించుకోండి అన్నారు కాబట్టి వాటి చుట్టూ పెద్ద లోకమే పుట్టింది. నింటెండో అలా అనలేదు. 2015లో ఒక పథకం పెట్టి, తన ఆటల వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో వాటా పుచ్చుకుంది. 2018 చివర్లో గానీ దాన్ని ఎత్తేయలేదు.

రెండో కామందు యూట్యూబ్. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉంటేగానీ ప్రకటనల్లో భాగం ఇవ్వనని 2018లో గీత గీసింది. పెద్ద వీడియోల మీద వచ్చేదాంట్లో చేసినవాడికి 55 శాతం ఇస్తుంది. షార్ట్స్‌కి 2023 ఫిబ్రవరి నుంచి లెక్క వేరు: ఒక కుండలో పోసి, అందులో చేసినవాళ్ల భాగంగా తేలినదాంట్లో 45 శాతం. 2020 జనవరి నుంచి పిల్లల కోసం చేసిన వీడియోలకు, చూసేవాళ్ల అభిరుచిని బట్టి చూపే ప్రకటనలూ లేవు, కింద కామెంట్లూ లేవు. కార్టూను రంగులతో ఉండే ఆటలు ఆడేవాళ్లకి ఇదో తలనొప్పి. పదహారేళ్లు నిండనివాళ్లు ఒక్కళ్లే కూర్చుని లైవ్ ఇవ్వకూడదని 2025 జూలై 22 నుంచి ఇంకో నియమం. తొమ్మిదో తరగతిలోనే లైవ్‌లు పెట్టే పిల్లల్ని చూసినవాణ్ని కాబట్టి నేను దీన్ని తప్పు పట్టను.

మూడో కామందు ప్రభుత్వం. దాని సంగతి మొదట్లోనే చెప్పుకున్నాం.

ముగ్గురికీ పోగా మిగిలే డబ్బెంత? అమెరికాలో ఒక వ్యూకి పలికే ప్రకటన ధరలో మనదేశంలో పలికేది చాలా చిన్న భాగం. తెలుగులో గేమింగ్ చూసేది ఎక్కువగా చదువుకునే పిల్లలు. వాళ్ల జేబులో డబ్బుండదు కాబట్టి ప్రకటన ఇచ్చేవాడికి వాళ్ల మీద మోజు తక్కువ. లక్ష వ్యూస్ అంటే లక్షాధికారి అనుకునే మా అక్కకి ఈ లెక్క చెప్పడానికి వాడు చాలా తంటాలు పడ్డాడు.

లింకు పెడితే చాలు

ఈ కరువులోకే రమ్మీ, కలర్ ప్రిడిక్షన్ లాంటి డబ్బు పందెం యాప్‌లవాళ్లు దిగారు. టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది. ఆడక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, వీడియో కింద లింకు పెడితే చాలు. ఒక్క లింకుకి వాళ్లిస్తామనే డబ్బు ముందు యూట్యూబ్ ఇచ్చేది చిల్లర. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో, పబ్జీ పోయిన మర్నాడే, మంత్రివర్గంలో నిర్ణయం తీసుకుంది. అయినా లింకులు ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేశారని యూట్యూబర్ల మీదా సినిమావాళ్ల మీదా కేసులు పెట్టేసరికి చాలామంది పాత వీడియోల కింద లింకులు తుడిచే పనిలో పడ్డారు.

అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పందెం ఉన్న ఏ ఆన్‌లైన్ ఆటనైనా నడపడమూ, ప్రచారం చేయడమూ నేరమే. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, యాభై లక్షల దాకా. డ్రీమ్ ఎలెవన్ అంతటిది డబ్బు పోటీలు ఆపేసి, భారత క్రికెట్ జట్టు చొక్కా మీద నుంచి తప్పుకుంది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం గుర్తించి ప్రోత్సహిస్తానంది.

చిన్న ఛానళ్ల కడుపు కొట్టారని కొందరు వాపోయారు. నేను ఒప్పుకోను. ఆ లింకులు నొక్కింది కూడా ఇలాంటి ఊళ్ల కుర్రాళ్లే. అప్పులపాలై ఇల్లు విడిచి పోయినవాళ్ల కథలు ఏ ఊళ్లో అడిగినా ఒకటైనా వినబడతాయి. మావాడు లింకు పెట్టాడా అని అడిగాను. "ఒకసారి రేటు మాట్లాడా మావయ్యా. అమ్మకి తెలిస్తే చంపుద్దని మానేశా," అన్నాడు. నీతికి భయం తోడైతే ఫలితం బాగానే ఉంటుంది.

దారి మార్చినవాళ్లు

స్వీడన్ కుర్రాడు ఫెలిక్స్ షెల్‌బెర్గ్, అదే ప్యూడీపై, 2010లో ఛానల్ తెరిచి భయపెట్టే ఆటలు ఆడుతూ కేకలు పెట్టి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ఆటలు తగ్గించాడు. మీమ్‌ల మీద తీర్పులు, చదివిన పుస్తకాల ముచ్చట్లు, ఊసుపోక కబుర్లు. 2019 ఆగస్టులో సబ్‌స్క్రైబర్లు పది కోట్లు దాటారు. విచిత్రమేమంటే ఆ వేసవిలోనే అతను మళ్లీ మైన్‌క్రాఫ్ట్ ఆడటం మొదలుపెట్టాడు, జనం మళ్లీ ఎగబడ్డారు. అతను ఏం చేసినా చూసే జనం అప్పటికే తయారయ్యారు.

ఫరీదాబాద్ అజయ్ నాగర్, అందరూ క్యారీమినాటీ అనే అతను, ఇంకోలా చేశాడు. ఎదుటివాళ్లని ఆటపట్టించే వీడియోలతో పెద్ద ఛానల్ నడుపుతూ, ఆటలకి 2017లో క్యారీ ఈజ్ లైవ్ అని వేరే కుంపటి పెట్టాడు. ఒకదాని జనం ఇంకోదానికి అడ్డు రాలేదు. టెక్నో గేమర్జ్ ఉజ్జ్వల్ చౌరాసియా జీటీఏ ఫైవ్‌ని ఆడి చూపించడంతో ఆగక దాన్నో హిందీ సీరియల్ చేసేశాడు. రేపేం జరుగుతుందోనని పిల్లలు కాచుకు కూర్చున్నారు. మన తెలుగులోనూ ఆ తరహా వీడియోలు కొల్లలు.

నన్ను ఆపి ఆలోచింపజేసింది మాత్రం అమెరికా మాథ్యూ ప్యాట్రిక్. 2011లో గేమ్ థియరీ మొదలుపెట్టాడు. ఆట ఆడి చూపించడం అతని పని కాదు. ఆటలో కనిపించిన ఏదో ఒక వింత పట్టుకుని, ఇది నిజంగా జరుగుతుందా, లెక్క కుదురుతుందా అని తవ్వుతాడు. ఆ తవ్వే పద్ధతినే సినిమాలకి, తిండికి, బట్టలకి కూడా పట్టించి వేరువేరు ఛానళ్లు పెట్టాడు. 2022 చివర్లో సంస్థని అమ్మి, 2024 మార్చి 9న చివరి వీడియో చేసి తప్పుకున్నాడు. ఛానళ్లు వేరేవాళ్ల గొంతులతో నడుస్తూనే ఉన్నాయి.

మనిషి మీద నిలబడ్డ ఛానల్‌కి ఆ వీలు తక్కువ. తెనాలి దగ్గరి గుడివాడలో (కృష్ణా జిల్లా గుడివాడ కాదు, గుంటూరు జిల్లాలోని పల్లె) మస్తానమ్మ అనే నూరేళ్లు దాటిన పెద్దామె ఉండేది. 2016లో ఆమె మునిమనవడూ అతని స్నేహితుడూ కలిసి కంట్రీ ఫుడ్స్ అని ఛానల్ పెట్టారు. పొలం గట్టున మూడు రాళ్ల పొయ్యి, గోటితో అల్లం తొక్క గీకే పద్ధతి, పుచ్చకాయ డిప్పలో కోడికూర. దేశదేశాల జనం చూశారు. సబ్‌స్క్రైబర్లు పది లక్షలు దాటారు. 2018 డిసెంబరులో ఆమె పోయింది. ఛానల్ వంటలు ఆపలేదు గానీ, ఆ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఆమె ముఖమే.

"మా ఫ్రెండ్స్ గూడా అమ్మమ్మని పెట్టి వంటలు చెయ్యరా అంటన్నారు," అన్నాడు మావాడు. అమ్మమ్మ, అంటే మా అమ్మ, పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. "నన్నెందుకురా మధ్యన," అని ఊరుకుంది. ఆ ఒక్క మాటతో ఆ దారి మూసుకుంది.

ఊరి వీడియోలు తీస్తే?

ఇంకో ఆలోచన విలేజ్ వ్లాగ్. పొలాలు, మిరప కళ్లాలు, చీరాల మగ్గాలు, వాడరేవు సముద్రం. బాగానే ఉంటుంది. ఇక్కడ నాకో అభ్యంతరం తోచి చెప్పాను. కారంచేడు పేరు పెట్టి ఊరి కథలు చెబుతానంటే పచ్చని చేలు ఒక్కటే చూపించి తప్పించుకోవడం కుదరదు. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిన ఊరిది. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగువు అది. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి, అక్కడే ఉండిపోయారు. దళిత మహాసభ పుట్టింది ఆ ఘటన నుంచే. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే చదవాలి, తిరగాలి, చీరాలలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని వినాలి. చెప్పకుండా డ్రోన్ ఎగరేసి ‘మా అందమైన ఊరు’ అంటే అది అబద్ధం. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. "అంత పని ఇప్పుడు నా వల్ల గాదు," అన్నాడు చివరికి. నిజాయితీగా చెప్పాడు, నాకు నచ్చింది.

ఈ ఊరికి ఇంకో పేరూ ఉంది. సినిమా నిర్మాత రామానాయుడు 1936లో పుట్టింది ఇక్కడే. 1963లో అనురాగం సినిమాలో డబ్బు పెట్టి చేతులు కాల్చుకున్నారు. మరుసటేడు సురేష్ ప్రొడక్షన్స్ పెట్టి రాముడు భీముడు తీశారు. మళ్లీ నష్టాలు వచ్చాయి. 1971లో ప్రేమ్‌నగర్ కూడా పోతే కారంచేడు వెళ్లి సేద్యం చేసుకుందామనుకున్నారని సినిమావాళ్లు చెప్పుకుంటారు. పోలేదు సరికదా, తర్వాత 13 భాషల్లో సినిమాలు తీశారు. ప్రేమకథ, కుటుంబకథ, జానపదం, ఏ ఒక్క తరహాకీ కట్టుబడలేదు.

దారి మార్చుకోవడానికి భయపడకూడదని చెబుదామని ఈ కథ ఎత్తుకున్నాను. మావాడు ఒక్క మాటతో కోసేశాడు. "ఆయనకి ఎనక్కొస్తే చేసుకోడానికి పొలం ఉంది మావయ్యా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఛానల్ కోసం ఉద్యోగం మానేద్దామనే ఆలోచన ఏమైనా ఉంటే ఆ మాటతోనే పోవాలి. షాపులో లెక్కలు రాసే పనే వాడి పొలం ప్రస్తుతానికి. అది ఉన్నంతకాలం ఛానల్‌తో ప్రయోగం చేయొచ్చు.

బోర్ కొట్టే ముక్క

చివరికి మా చర్చ ఆ గీత పైకి లేచిన చోటికే వచ్చింది. పదివేలలోపు ఫోనుతో ఆడే పిల్లాడి బాధలు వీడికి కరతలామలకం. ప్రాసెసర్ వేడెక్కితే తన వేగం తానే ఎందుకు తగ్గించుకుంటుంది? గ్రాఫిక్స్ తగ్గిస్తే ఫ్రేములు ఎందుకు పెరుగుతాయి? సిగ్నల్ నిండా ఉన్నా పింగ్ ఎందుకు ఎగిరిపడుతుంది? చార్జింగ్ పెట్టి ఆడితే బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుంది? ఇంగ్లీషులో వీటికి వేల వీడియోలున్నాయి. ఖరీదైన ఫోన్లున్నవాళ్లు ఖరీదైన ఫోన్లున్నవాళ్లకి చెప్పేవే వాటిలో ఎక్కువ. కారంచేడు మేడ మీద, చిన్న ఫోను వెనక ఫ్యాను పెట్టుకుని, బాపట్ల జిల్లా తెలుగులో చెబితే వినే పిల్లలు ఉన్నారు. ఆ గీత సాక్షి. పైగా ఏ ఆట నిషేధంలోకి పోయినా ఈ ప్రశ్నలు పోవు. బీజీఎంఐ పోతే ఇంకోటి వస్తుంది, ఫోను మాత్రం అలాగే కాలుతుంది.

"ఎవడు చూస్తాడు?" అన్నాడు ముందు. కొత్త ఛానల్ పెట్టాలా, పాతదాంట్లోనే మార్చాలా అని తర్వాత మీమాంస. కోట్లలో జనం ఉన్నవాడికి ఆ ప్రశ్న అవసరం. కొద్ది వేలమందే ఉన్నప్పుడు కాపాడుకోవాల్సిన ఆస్తేమీ లేదు, పాతదాంట్లోనే మార్చెయ్యమన్నాను. పోయేవాళ్లు పోతారు. కొన్నాళ్లు వ్యూస్ పడిపోతాయి, ఆట కోసం వచ్చినవాళ్లు ఫోను పాఠం వినరు కాబట్టి. ఆ పడిపోవడం చూసి బెదిరి మళ్లీ అరుపుల్లోకి దిగితే రెంటికీ చెడ్డ రేవడే.

మొదటి వీడియో పెట్టాడు. చీరాల్లో సెల్‌ఫోన్లు బాగుచేసే స్నేహితుణ్ని పట్టుకొచ్చి, ఉబ్బిన బ్యాటరీ ఒకటి బల్ల మీద పెట్టించి, దాన్ని ఎందుకు గుచ్చకూడదో, ఎందుకు చెత్తలో పారేయకూడదో చెప్పించాడు. ఆ స్నేహితుడు కెమెరా చూడగానే బిగుసుకుపోయి ప్రతి వాక్యానికీ "అన్నమాట" తగిలించాడు. ఎడిటింగ్‌లో సగం తీసేసినా ఇంకా చాలా మిగిలాయి. థంబ్‌నెయిల్ మీద మంటలు పెడదామని వాడు, బ్యాటరీ బొమ్మ చాలని నేను, వాడిదే నెగ్గింది. వ్యూస్ మామూలుగా వచ్చేవాటిలో మూడోవంతు కూడా లేవు. కామెంట్లు మాత్రం ఎక్కువ, అన్నీ ప్రశ్నలే: నా ఫోను ఫలానా కంపెనీది, దీనికీ ఇంతేనా అన్నా, అని. జవాబులు రాస్తూ కూర్చున్నాడు, రాత్రి ఒంటిగంట దాకా.

మధ్యలో ఒకడు అడిగాడు: "గేమ్ ఎప్పుడు పెడతావన్నా?"

"ఆదివారం రాత్రి లైవ్," అని రాశాడు మావాడు. ఆడటం అంటే వాడికి ఇష్టం. ఆ ఇష్టానికి వారంలో ఒక్క రాత్రి ఉంచుకున్నాడు.